క్రిస్టల్ డిఫెక్ట్స్ సిమ్యులేషన్ ల్యాప్‌టాప్‌లో యాడనుంచి మొదలుపెట్టల్ల? కాపర్ వేకెన్సీకి 4.81 వస్తాంది

హంద్రీ_గట్టు | కర్నూలు

అందరికీ నమస్తే. కర్నూల్లో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చేస్తాండా, ప్రాజెక్టుకి మా సార్ స్ఫటికాల్లో డిఫెక్ట్స్ (అణువుల వరసలో లోపాలు) మీద మల్టీస్కేల్ సిమ్యులేషన్ (అణువు నుంచి పెద్ద ముక్క దాకా మెట్లు మెట్లుగా లెక్క) అని టాపిక్ ఇచ్చినాడు. లాంప్స్ (అణువుల కదలిక లెక్కేసే సాఫ్ట్‌వేర్) ఎక్కించుకున్న్యా, కాపర్‌కి మిషిన్ అనే శాస్త్రవేత్త వాళ్ళు 2001లో ఇచ్చిన ఈఏఎమ్ పొటెన్షియల్ (అణువుల మధ్య బలాలు చెప్పే సూత్రం) దించుకున్న్యా. మూడు వైపులా 10 యూనిట్ సెల్స్, అంటే మొత్తం 4000 అణువులు, మధ్యలో ఒకటి తీసేసి (ఆ ఖాళీనే వేకెన్సీ) మినిమైజ్ చేస్తే, అంటే మిగతావాటిని అతి తక్కువ ఎనర్జీకి సర్దితే, ముందు ఎనర్జీకీ తర్వాత ఎనర్జీకీ తేడా 4.81 ఎలక్ట్రాన్ వోల్ట్ వస్తాంది. పుస్తకాల్లో వేకెన్సీ ఫార్మేషన్ ఎనర్జీ 1.28 అని ఉండాది. ఇంత తేడా ఎందుకొస్తాంది?

ఇంకో డౌట్ కూడా. డీఎఫ్‌టీ (ఎలక్ట్రాన్ల లెక్క), దాని పైన ఎండీ (మాలిక్యులర్ డైనమిక్స్, అణువుల కదలిక), దాని పైన కైనెటిక్ మాంటే కార్లో (అణువుల దూకుళ్ళు), డిస్‌లొకేషన్ డైనమిక్స్ (లోపపు గీతల కదలిక), ఆఖర్న ఫైనైట్ ఎలిమెంట్ (మొత్తం ముక్క), ఈ బొమ్మ ప్రతి పీపీటీలో ఉంటాది, మధ్యలో బాణాలు గీసి ఉంటారు. ఆ బాణం మీద నిజంగా ఏం పోతాది ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకి? ఫైలా, నంబరా, ఏంది? నా దగ్గర 8 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్ ఒకటే ఉండాది, దాంతో ఎంత దూరం పోవచ్చో కూడా చెప్పండి.

లాటిస్_లక్ష్మి | అనంతపురం

తమ్ముడూ నీ రన్ బాగానే ఉండాది, లెక్కలో ఒక ముక్క మిగిలిపోయింది అంతే. నువ్వు అణువును పీకి శూన్యంలోకి పంపించేసినావు. నిజం లోహంలో వేకెన్సీ పుట్టినప్పుడు ఆ అణువు యాడికీ పోదు, అదే రాగి ముక్క ఉపరితలం మీదికో గ్రెయిన్ బౌండరీకో (లోహంలోని చిన్న స్ఫటికాల మధ్య సరిహద్దు) పోయి కూచుంటాది, అంటే బల్క్‌లో ఒక్కో అణువుకుండే 3.54 ఎలక్ట్రాన్ వోల్ట్ కొహెసివ్ ఎనర్జీ (పక్కవాటితో కట్టిపడేసే శక్తి) దానికి మళ్ళీ దక్కుతాది. 4.81 లోంచి 3.54 తీసెయ్, 1.27 వస్తాది చూడు. ఫార్ములాగా రాసుకోవాలంటే 3999 అణువుల ఎనర్జీ లోంచి, 4000 అణువుల ఎనర్జీని 3999 బై 4000 తో గుణించి, తీసెయ్యల్ల.

కానీ ఈ 1.27 చూసి నా సిమ్యులేషన్ ప్రయోగంతో సరిపోయింది అని రిపోర్ట్‌లో రాసుకోవద్దు. ఆ పొటెన్షియల్ తయారు చేసినోళ్ళు వేకెన్సీ ఎనర్జీ ముందు పెట్టుకొనే ఫిట్ చేసినారు. అందుకని నీ ఇన్‌పుట్ ఫైలు సరిగ్గా ఉందని మాత్రమే ఈ నంబరు చెప్తాది, రాగి గురించి కొత్తగా ఏం చెప్పదు. రెండో ప్రశ్నకి జవాబు కూడా ఇక్కడే మొదలవుతాది, రాత్రికి వివరంగా రాస్తా, ఇప్పుడు ల్యాబ్‌లో ఉండా.

హంద్రీ_గట్టు | కర్నూలు

అక్కా 1.272 వచ్చింది!! శానా థ్యాంక్స్. రాత్రి పోస్టు కోసం చూస్తాంటా.

మైదుకూరు_మాస్టారు | కడప

లక్ష్మి గారు రాసేలోపు కొంచెం చరిత్ర చెప్తాను, పిల్లలకి పనికొస్తుంది. డిఫెక్ట్స్ అనేవి మనుషులు మైక్రోస్కోపులో చూసి కనుక్కోలేదు, లెక్క కుదరక కనుక్కున్నారు. 1926లో ఫ్రెంకెల్ ఒక సులువైన లెక్క వేశాడు, లోపం లేని స్ఫటికంలో ఒక పొర మీద ఇంకో పొర మొత్తంగా ఒకేసారి జారాలంటే ఎంత స్ట్రెస్ కావాలి అని. షియర్ మాడ్యులస్‌ని (పక్కకి జరిపే బలానికి పదార్థం చూపే గట్టితనం) రెండు పైలతో భాగిస్తే చాలు, రాగికి అది 7 గిగాపాస్కల్ దాటుతుంది. నిజంగా స్వచ్ఛమైన రాగి సింగిల్ క్రిస్టల్ ఒక మెగాపాస్కల్ దగ్గరే లొంగిపోతుంది. ఏడు వేల రెట్లు తేడా అంటే చిన్న విషయం కాదు కదా. 1934లో టేలర్, ఒరోవాన్, పొలాన్యి ముగ్గురూ విడివిడిగా ఒకే మాట చెప్పారు, పొర మొత్తం ఒకేసారి జారదు, డిస్‌లొకేషన్ అనే గీత పొర పొడుగునా కదులుతూ పోతుంది, అది దాటిన మేరకే జారుతుంది అని. ఆ గీతల్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో అల్యూమినియం రేకులో కదులుతుండగా చూసింది 1956లో, కేంబ్రిడ్జ్‌లో హిర్ష్ బృందం. అంటే 22 ఏళ్ళు కాగితం మీద నమ్మకంతోనే నడిచింది ఆ శాస్త్రం.

ఇంకొక సంగతి మన తెలుగు నేల పిల్లలు తప్పకుండా తెలుసుకోవాలి. ఈరోజు నువ్వు లాంప్స్‌లో నడుపుతున్న ఎండీ పద్ధతిని నిజం పదార్థానికి దగ్గర చేసినవాళ్ళలో ముఖ్యుడు అనీసుర్ రహ్మాన్, పుట్టింది హైదరాబాద్‌లో 1927లో, ఉస్మానియాలో పాఠాలు కూడా చెప్పాడు. అమెరికాలో ఆర్గోన్ నేషనల్ ల్యాబ్‌లో ఉన్నప్పుడు 1964లో ద్రవ ఆర్గాన్‌ని 864 అణువులతో కంప్యూటర్‌లో నడిపించాడు. తర్వాత పరినెల్లోతో కలిసి, లోపలి స్ట్రెస్‌ని బట్టి పెట్టె ఆకారమే మారేలాంటి పద్ధతి ఇచ్చాడు, స్ఫటికాల మీద పనిచేసేవాళ్ళకి అది లేకుండా రోజు గడవదు. అమెరికన్ ఫిజికల్ సొసైటీ కంప్యూటేషనల్ ఫిజిక్స్‌లో ఇచ్చే బహుమతి ఆయన పేరు మీదే ఉంది. మన డిగ్రీ పుస్తకాల్లో ఆయన పేరు లేకపోవడం నాకు చాలా బాధ.

కడప_కోడర్ | కడప

మాస్టారూ ఈ సంగతి నాకు తెలీదు సార్, చాలా సంతోషం. ఒక చిన్న యాడ్, రహ్మాన్ కంటే ముందే 1960లో బ్రూక్‌హేవన్‌లో విన్‌యార్డ్ వాళ్ళు రాగిలో రేడియేషన్ డ్యామేజీని 500 అణువులతో నడిపించినారు. అంటే ఘన పదార్థం మీద ఎండీ మొదలైందే డిఫెక్ట్స్‌తో.

లాటిస్_లక్ష్మి | అనంతపురం

సరే ఇప్పుడు బాణాల సంగతి. కొంచెం పొడుగైతాది, ఓపిగ్గా చదువు.

ముందు ఒక్క మెట్టు ఎందుకు చాలదో నీ వేకెన్సీతోనే చూద్దాం. రాగిలో వేకెన్సీ పక్క స్థానానికి దూకాలంటే 0.7 ఎలక్ట్రాన్ వోల్ట్ గడప దాటల్ల. అణువు సెకనుకి 10 పవర్ 13 సార్లు అల్లాడుతాంటాది, ప్రతిసారీ ఆ గడపను గుద్దుతాంటాది, రూమ్ టెంపరేచర్‌లో గడప దాటే అవకాశం ఈ టు ది పవర్ మైనస్ 27. గుణిస్తే సెకనుకి 20 దూకుళ్ళ లోపు. ఇంగ ఎండీలో టైమ్ స్టెప్ ఎంత? ఒక ఫెమ్టోసెకను, అంటే 10 పవర్ మైనస్ 15 సెకను. ఒక్క దూకుడు చూడాలంటే 5 తర్వాత 13 సున్నాలు పెట్టినన్ని స్టెప్పులు నడపల్ల. నీ ల్యాప్‌టాప్ కాదు కదా, ఏ సూపర్ కంప్యూటరూ ఆ పని చెయ్యదు, ఎందుకంటే ఒక స్టెప్ తర్వాతే ఇంకో స్టెప్, ప్రాసెసర్లు పెంచుకుంటా పోతే పెట్టె పెద్దదవుతాది గానీ టైము పొడుగు కాదు. అదే 1000 కెల్విన్‌లో పెట్టు, నానోసెకనుకి మూడు దూకుళ్ళు కనబడతాయి. అందుకే చాలా పేపర్లలో టెంపరేచర్ అంత ఎక్కువ పెట్టి నడుపుతారు, చదివేటప్పుడు అది గమనించల్ల.

ఇక్కడ ఎండీ చెయ్యలేని పని కైనెటిక్ మాంటే కార్లో చేస్తాది. దానికి అణువుల అల్లాట అక్కర్లేదు, ఏ దూకుడుకి ఎంత గడప అనే పట్టిక ఒకటుంటే చాలు, ఒక్కో అడుగులో ఒక్కో దూకుడు, గడియారం కూడా దాన్ని బట్టి ముందుకు పోతాది. బోర్ట్జ్, కాలోస్, లెబోవిట్జ్ 1975లో ఇచ్చిన పద్ధతి అది. ఆ 0.7 అనే గడప ఉండాది చూడు, ఎండీ పొటెన్షియల్ నుంచో డీఎఫ్‌టీ నుంచో వచ్చి మాంటే కార్లో పట్టికలో కూచునేది, అదే నువ్వడిగిన బాణం. ఒక నంబరు. అంతకంటే ఏం లేదు.

మిగతా బాణాలూ అంతే. డీఎఫ్‌టీ కొన్ని వందల అణువులకి మించి సుఖంగా నడవదు, అణువులు రెట్టింపయితే పని దగ్గర దగ్గర ఎనిమిది రెట్లు అవుతాది, కానీ దాని నుంచి స్టాకింగ్ ఫాల్ట్ ఎనర్జీ (అణువుల పొరల వరస తప్పితే అయ్యే ఖర్చు) వస్తాది, రాగికి చదరపు మీటరుకి 45 మిల్లీజౌల్స్ దగ్గర. ఆ నంబరు పొటెన్షియల్‌లోకి పోతాది. అది తక్కువుంటే డిస్‌లొకేషన్ రెండు పాక్షిక ముక్కలుగా విడిపోయి దూరం జరుగుతాది, అట్ల విడిపోయిన దానికి ఇంకో జారుడు తలంలోకి మారడం కష్టం, అది కష్టమైతే లోహం ఎట్ల గట్టిపడతాదనేదే మారిపోతాది. ఎండీ నుంచి డిస్‌లొకేషన్ డైనమిక్స్‌కి పోయేది ఇంత స్ట్రెస్ పెడితే ఆ గీత ఎంత వేగంగా పోతాది అనే మొబిలిటీ, రెండు గీతలు తగులుకుంటే ముడి పడతాదా విడిపోతాదా అనే రూల్స్. డిస్‌లొకేషన్ డైనమిక్స్‌లో అసలు అణువులే ఉండవు, గీతలే ఉంటాయి, ఒక్కో ముక్క మీద పీచ్ కోలర్ బలం (స్ట్రెస్ ఆ గీత మీద చూపే తోపుడు) వేసి కదిలిస్తారు. దాని నుంచి పైకి పోయేది హార్డెనింగ్ లా, అంటే లోహం సాగేకొద్దీ ఎట్ల గట్టిపడతాదనే సూత్రం. ఆ లా పట్టుకొని క్రిస్టల్ ప్లాస్టిసిటీ వాళ్ళు ఫైనైట్ ఎలిమెంట్‌లో గ్రెయిన్లు గ్రెయిన్లుగా లెక్క వేస్తారు.

ఎందుకింత తిప్పలు, నేరుగా అణువులతోనే వెయ్యొచ్చు కదా అంటావేమో. ఒక ఘన మైక్రాన్ రాగిలో 8,500 కోట్ల అణువులుంటాయి. గ్రెయిన్ సైజే దానికంటే పెద్దది. డిస్‌లొకేషన్ల లెక్క చూడు, బాగా అనీల్ చేసిన (వేడి చేసి మెల్లగా చల్లార్చిన) లోహంలో కూడా ఒక ఘన సెంటీమీటరులో వాటి మొత్తం పొడుగు 10 కిలోమీటర్లు, బాగా సాగగొట్టిన దాంట్లో 10 లక్షల కిలోమీటర్లు, అంటే చందమామ కాడికి పోయి తిరిగొచ్చినా ఇంకా మిగులుతాది. అదంతా ఒక చక్కెర క్యూబంత లోహంలో. ఈ సంగతి తెలిసిన రోజు నుంచి ఏ ఇనప ముక్క చేతిలోకి తీసుకున్నా నాకు ఇదే గుర్తొస్తాది.

నీ రిపోర్ట్‌లో ప్రతి బాణం దగ్గరా మూడు సంగతులు రాయి తమ్ముడూ. ఏ నంబరు పోతాంది, అది యాడ పుట్టింది, ఏ టెంపరేచర్ ఏ స్ట్రెస్ వరకు అది చెల్లుతాది. మూడోది ఎవరూ రాయరు, రాసినోళ్ళ రిపోర్టే నేను పూర్తిగా చదువుతా.

గుంతకల్లు_ట్రాక్ | గుంతకల్లు

మేడమ్ గారూ నమస్తే, నేను రైల్వేలో పీ వే (పట్టాల నిర్వహణ) సైడు పనిచేస్తా, మీ పోస్టు రెండు మూడు సార్లు చదివినా, శానా బాగుంది. మా పని ఏందంటే యూఎస్‌ఎఫ్‌డీ మిషను (అల్ట్రాసౌండ్‌తో పగుళ్ళు పట్టేది) పట్టాల మీద తోసుకుంటా పోయి లోపల పగులుందా లేదా చూసుకోవడం, ముఖ్యంగా గేజ్ కార్నర్ (పట్టా తల లోపలి అంచు) కాడ. ఎండాకాలం పట్టా సాగుతాది, చలికాలం రాత్రి లాగుతాది, విరుపులు ఎక్కువ అప్పుడే. నేను సూటిగా ఒకటి అడుగుతా ఏమనుకోవద్దు. మీ కంప్యూటర్ లెక్కతో మీటరుకి 60 కేజీల పట్టా ఫలానా కిలోమీటరు కాడ ఇన్ని టన్నుల ట్రాఫిక్ పోయినాక పగులుతాది అని చెప్పే రోజు వస్తాదా?

లాటిస్_లక్ష్మి | అనంతపురం

అన్నా, నమస్తే. అణువుల నుంచి మొదలుపెట్టి ఫలానా పట్టా ఫలానా రోజు అని ఇప్పుడైతే ఎవరూ చెప్పలేరు. మీ యూఎస్‌ఎఫ్‌డీ చేసే పనికి ఇది బదులు కాదు. పట్టా స్టీలు పెర్లైట్, అంటే ఫెర్రైటు (మెత్తని ఇనుము), సిమెంటైటు (గట్టి ఇనుప కార్బైడు) పొరలు పొరలుగా ఉంటాయి, పొరకీ పొరకీ మధ్య మైక్రాన్‌లో పదో వంతు, రెండు పదో వంతుల దూరం. చక్రం పట్టా తాకే కాడ స్ట్రెస్ 1 గిగాపాస్కల్ దాటుతాది, ప్రతి చక్రానికి పై పొర కొంచెం కొంచెం ఒకే వైపు జరుగుతాది, ఆ పొరల మధ్య డిస్‌లొకేషన్లు పోగవుతాయి, అది పగులుకి విత్తనం. విత్తనం ఎట్ల పడుతాదో చిన్న స్కేల్ సిమ్యులేషన్ చూపిస్తాది. ఒకసారి పగులు పుట్టినాక పెరిగేదానికి 1963 నుంచి ప్యారిస్ లా ఉండాది, అది కొలతల నుంచి వచ్చిన సూత్రం, ఇంజనీర్లు వాడేది ఇప్పటికీ అదే. ఆ లాలో ఉండే స్థిరాంకాలు అణువుల నుంచి రాబట్టడం ఇంకా తీరని పని.

సాయం అయ్యే చోటు ఒకటుంది, హైడ్రోజన్. స్టీలు పోతపోసేటప్పుడు హైడ్రోజన్ మిగిలితే లోపల పగుళ్ళు వస్తాయని మీకు నాకంటే బాగా తెలుసు, అందుకే ద్రవంగా ఉన్నప్పుడే వాక్యూమ్ పెట్టి తీసేస్తారు. హైడ్రోజన్ అంత చిన్న అణువును ప్రయోగంలో పట్టుకోవడం కష్టం, డీఎఫ్‌టీలో మాత్రం అది వేకెన్సీ దగ్గర ఎంత గట్టిగా అతుక్కుంటాది, డిస్‌లొకేషన్ కోర్ (ఆ గీత నడిబొడ్డు) దగ్గర ఎంత, కార్బైడు అంచు దగ్గర ఎంత అని విడివిడిగా లెక్క వెయ్యొచ్చు. యాడ ఎక్కువ అతుక్కుంటాదో తెలిస్తే దాన్ని కదలకుండా పట్టేసే స్టీలు ఎట్ల చెయ్యల్లో తెలుస్తాది.

గుంతకల్లు_ట్రాక్ | గుంతకల్లు

ఉన్నదున్నట్టు చెప్పినారు, సంతోషం. హైడ్రోజన్ సంగతి మా ఎస్‌ఎస్‌ఈ (సీనియర్ సెక్షన్ ఇంజనీర్) గారికి చూపిస్తా.

కడప_కోడర్ | కడప

అక్కా నేను ఒక మాట అంటా. మీరు చెప్పిన బాణాలన్నీ పాత రోజుల కష్టం. ఇప్పుడు మెషిన్ లెర్నింగ్ పొటెన్షియల్స్ (డీఎఫ్‌టీ లెక్కల నుంచి నేర్చుకొని బలాలు చెప్పేవి) వచ్చినాయి, బేలర్ పరినెల్లో 2007లో న్యూరల్ నెట్‌వర్క్‌తో మొదలుపెట్టినారు, 2010లో గాప్ (గాసియన్ అప్రాక్సిమేషన్ పొటెన్షియల్) వచ్చింది, ఇప్పుడు పీరియాడిక్ టేబుల్ దాదాపు మొత్తానికీ ముందే ట్రెయిన్ చేసిన మోడల్స్ ఫ్రీగా దొరుకుతాండాయి. డీఎఫ్‌టీ కచ్చితత్వం, ఎండీ సైజు, రెండూ ఒకే దాంట్లో. కాబట్టి తమ్ముడు ఈఏఎమ్ పక్కన పెట్టి అట్ల ముందే ట్రెయిన్ చేసిన ఒక ఫౌండేషన్ మోడల్ దించుకొని నేరుగా రన్ చేసుకుంటే పోతాది కదా, ఈ ఒక్కో నంబరు మోసుకుపోయే పని ఎందుకు?

లాటిస్_లక్ష్మి | అనంతపురం

నువ్వు చెప్పిన పొటెన్షియల్స్ నేను రోజూ వాడతా, వాటి మీద నాకు గౌరవమే. కానీ రెండు సంగతులు కలిపేసినావు.

ఒకటి, పొటెన్షియల్ ఎంత మంచిదైనా ఫెమ్టోసెకను ఫెమ్టోసెకనే. పైన చెప్పిన వేకెన్సీ దూకుడు చూడ్డానికి అన్నే స్టెప్పులు కావాల, పైగా న్యూరల్ నెట్ ఒక్కో స్టెప్పుకి ఈఏఎమ్ కంటే శానా ఎక్కువ టైము తీసుకుంటాది. టైము గోడ అట్లే నిలబడి ఉండాది.

రెండోది నాకు ఎక్కువ ముఖ్యం. బీసీసీ ఇనుములో (ఘనం మూలల్లోనూ నడిమధ్యలోనూ అణువులుండే అమరిక) స్క్రూ అనే రకం డిస్‌లొకేషన్ కోర్ సంగతి చూడు. పాత పొటెన్షియల్స్ చాలావాటిలో ఆ కోర్ మూడు దిక్కులకి చీలినట్టు వచ్చేది, దాని మీద ఎన్నో ఏళ్ళు సిద్ధాంతాలు నడిచినాయి. డీఎఫ్‌టీ పెట్టి చూస్తే కోర్ చీలలేదు, గుండ్రంగా ముద్దగా ఉండాది. తర్వాత మెండెలెవ్ వాళ్ళు 2003లో చేసిన పొటెన్షియల్‌లో కోర్ ముద్దగానే వచ్చింది, అందరూ సంతోషించినారు, ఇనుము మీద చాలా పేపర్లు దాంతోనే వచ్చినాయి. కానీ ఆ డిస్‌లొకేషన్ ఒక లోయ నుంచి ఇంకో లోయకి పోయే దారిలో డీఎఫ్‌టీలో ఒక్క గుట్టే ఉంటే ఆ పొటెన్షియల్‌లో రెండు గుట్టలు, మధ్యలో చిన్న పల్లం. అంటే విశ్రాంతిగా ఉన్నప్పుడు సరిగ్గా కనబడినోడు నడిచేటప్పుడు వేరేగా నడుస్తాండాడు. ఆ మొబిలిటీని అట్లే డిస్‌లొకేషన్ డైనమిక్స్‌లో పెడితే, చల్లని ఇనుము ఎంత పెళుసుగా ఉంటాదనే జవాబే మారుతాది, పైన కూచున్న ఫైనైట్ ఎలిమెంట్ మనిషికి అది తెలిసే దారే లేదు.

ఇప్పుడు నీ ఫౌండేషన్ మోడల్‌కి కూడా అదే ప్రశ్న. ట్రెయినింగ్ డేటాలో ఎక్కువ భాగం చక్కగా అమరిన స్ఫటికాలే, డిస్‌లొకేషన్ కోర్ లోపల ఉండే నలిగిన అమరికలు అందులో ఎన్ని ఉన్నాయి? లేకపోయినా మోడల్ ఏదో ఒక జవాబు ఇస్తాది, దశాంశాలతో సహా ఇస్తాది. అందుకే ముందు వేకెన్సీ, స్టాకింగ్ ఫాల్ట్, కోర్ ఈ మూడూ డీఎఫ్‌టీతో పోల్చి చూడల్ల, ఆ తర్వాతే పెద్ద రన్.

కడప_కోడర్ | కడప

ఇనుము రెండు గుట్టల సంగతి గట్టి పాయింట్ అక్కా, ఒప్పుకుంటా. అయితే నా వైపు నుంచి కూడా ఒకటి. మెషిన్ లెర్నింగ్ పొటెన్షియల్‌లో డేటా తక్కువున్న చోట మోడలే చెప్పే ఏర్పాటు ఉంటాది, నాలుగైదు మోడల్స్ వేరే వేరేగా ట్రెయిన్ చేసి ఫోర్సులు పోల్చు, అవి ఒకదానికొకటి కుదరని అణువుల్ని తీసి డీఎఫ్‌టీకి పంపు, మళ్ళీ ట్రెయిన్ చెయ్. యాక్టివ్ లెర్నింగ్ అంటాండేది దీన్నే. ఈఏఎమ్‌లో నాకు తెలీదు అని చెప్పే దారే లేదు కదా, ఆ ఒక్క కారణానికైనా ఇది మేలు అంటా.

లాటిస్_లక్ష్మి | అనంతపురం

అవును, అది నిజంగా పెద్ద మేలు. దాంట్లో నీతో వాదన లేదు. మోడల్స్ అన్నీ కలిసి ఒకే తప్పు చెప్పే చోటు ఒకటి ఉంటాదని మాత్రం గుర్తుపెట్టుకో.

సిలికాన్_సీమ | ఓర్వకల్లు

నాది సోలార్ సైడు. మా ఊరి దగ్గరే 1000 మెగావాట్ల పార్కు ఉంది కదా, 2017లో నడుపుకొచ్చినారు, రోడ్డు మీద పోతాంటే ఎంత దూరం చూసినా పలకలే. అందరూ లోహాలు లోహాలు అంటాండారు కాబట్టి సెమీకండక్టర్ మాట కూడా ఒకటి చెప్పల్ల.

సిలికాన్‌లో డిఫెక్ట్ ఎక్కడుందనే దానికంటే బ్యాండ్ గ్యాప్‌లో (మామూలుగా ఎలక్ట్రాన్లు ఉండలేని శక్తుల మేర) దాని లెవెల్ ఎంత ఎత్తులో ఉందనేది ముఖ్యం. గ్యాప్ మధ్యలో లెవెల్ ఉంటే ఎలక్ట్రానూ హోలూ (ఎలక్ట్రాన్ లేని ఖాళీ) అక్కడికొచ్చి కలిసిపోతాయి, కరెంటు అక్కడే పోతాది. బోరాన్ కలిపిన సిలికాన్ సెల్లు ఎండలో పెట్టిన మొదటి గంటల్లోనే కొంచెం సామర్థ్యం తగ్గడం 1973లోనే గమనించినారు, బోరానూ ఆక్సిజనూ జతపడి చేసే డిఫెక్ట్ అది. బోరాన్ బదులు గాలియం కలిపితే ఆ బాధ తప్పుతాది, ఇప్పుడు చాలామంది అటే పోయినారు.

సిమ్యులేషన్‌లో చిక్కేందంటే మామూలు డీఎఫ్‌టీ సిలికాన్ గ్యాప్‌ని 1.1 ఎలక్ట్రాన్ వోల్ట్ చూపించాల్సింది 0.6 దగ్గర చూపిస్తాది. సగం అయిపోయిన గ్యాప్‌లో డిఫెక్ట్ లెవెల్ మధ్యలో ఉందా అంచున ఉందా అని ఎట్ల చెప్తావు? హైబ్రిడ్ ఫంక్షనల్ (డీఎఫ్‌టీలోనే ఇంకా కచ్చితమైన రకం) వాడితే గ్యాప్ సరిగ్గా వస్తాది, పని ఖర్చు మాత్రం పదుల రెట్లు. ఇంగ చార్జ్ ఉన్న డిఫెక్ట్ అయితే పీరియాడిక్ పెట్టెలో పక్క పెట్టెల్లోని తన ప్రతిబింబాలతోనే గుంజులాడుతాది, దానికి వేరే కరెక్షన్. కాపర్ వేకెన్సీకి ఈ గొడవేమీ లేదు, లోహంలో చార్జ్‌ని ఎలక్ట్రాన్లు కప్పేస్తాయి. అందుకే తమ్ముడు కాపర్‌తో మొదలుపెట్టింది మంచి ఎంపిక.

తుగ్గలి_కుర్రోడు | తుగ్గలి

అన్నా మా దిక్కు వాన పడితే జనం పొలాల్లో వజ్రాల కోసం ఎతుకుతారు, జొన్నగిరి సైడు కూడా. నేను డిగ్రీ సెకండ్ ఇయర్. వజ్రం రంగు కూడా డిఫెక్టేనా? మా సారు అట్ల అన్నాడు.

సిలికాన్_సీమ | ఓర్వకల్లు

అవును తమ్ముడూ, మీ సారు సరిగ్గా చెప్పినాడు. లోపం లేని వజ్రానికి రంగే ఉండదు, దాని గ్యాప్ 5.5 ఎలక్ట్రాన్ వోల్ట్, కంటికి కనబడే వెలుతురు ఏదీ దాంట్లో ఇంకదు. కార్బన్ ఉండాల్సిన చోట నైట్రోజన్ కూచుంటే పసుపు, బోరాన్ కూచుంటే నీలం. భూమి లోపల ఒత్తిడికి నలిగి స్ఫటికం జారితే గోధుమ రంగు, ఒక్కోసారి గులాబీ. నైట్రోజన్ పక్కనే ఒక ఖాళీ ఉంటే ఎన్‌వీ సెంటర్ అంటారు, 637 నానోమీటర్ల దగ్గర ఎర్రగా వెలుగుతాది, క్వాంటమ్ సెన్సార్లకి ఇప్పుడు అందరూ దాని మీదే పడినారు. దాన్ని చేసే పద్ధతి లక్ష్మక్క చెప్పిన దూకుళ్ళే, ఎలక్ట్రాన్ బీమ్‌తో ఖాళీలు పుట్టిస్తారు, తర్వాత 800 డిగ్రీల దాకా వేడి చేస్తారు, ఖాళీలు తిరుగుతా తిరుగుతా నైట్రోజన్ పక్కకొచ్చి అక్కడే చిక్కుకుంటాయి. రూమ్ టెంపరేచర్‌లో వజ్రంలో ఖాళీ కదలదు, గడప 2 ఎలక్ట్రాన్ వోల్ట్ పైనే.

పులివెందుల_పిల్ల | పులివెందుల

తుమ్మలపల్లె యురేనియం గని మాకు దగ్గర, కాబట్టి అడుగుతాండా. రియాక్టర్ లోపల స్టీలు ఉబ్బుతాది అని చదివినా. అణువులు బయటనుంచి ఏం చేరకుండా లోహం ఎట్ల ఉబ్బుతాది అక్కా?

లాటిస్_లక్ష్మి | అనంతపురం

ఇది నా సొంత పని, అందుకని సంతోషంగా చెప్తా.

న్యూట్రాన్ వచ్చి ఒక ఇనుప అణువును గుద్దితే, 40 ఎలక్ట్రాన్ వోల్ట్ అందితే చాలు, ఆ అణువు తన స్థానం వదిలేస్తాది. నిజంగా అందేది వేలల్లో. ఆ అణువు పోయి ఇంకోదాన్ని, అది ఇంకోదాన్ని, ఒక పికోసెకను లోపల వేల అణువులు చెల్లాచెదురు అవుతాయి. పది పికోసెకన్లు ఆగితే అందులో ఎక్కువ భాగం మళ్ళీ ఏదో ఒక ఖాళీలో కూచుంటాయి, స్ఫటికం తనంతట తాను మానుకుంటాది. ఇంత విధ్వంసం అయి మళ్ళీ వరసలు కుదురుకోవడం ఓవిటోలో (సిమ్యులేషన్‌ని బొమ్మగా చూపే సాఫ్ట్‌వేర్) చూస్తే ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు. మిగిలేవి కొన్ని ఖాళీలు, కొన్ని ఇరుక్కున్న అదనపు అణువులు. ఇక్కడిదాకా ఎండీ పని.

తర్వాత అదనపు అణువులు చురుగ్గా తిరిగి డిస్‌లొకేషన్లలో కలిసిపోతాయి, ఎందుకంటే డిస్‌లొకేషన్ ఖాళీల కంటే వాటినే కొంచెం ఎక్కువ లాగుతాది. ఆ కొంచెం తేడా వల్ల ఖాళీలు మిగులుతాయి, మిగిలినవన్నీ చేరి లోపల బుడగల మాదిరి శూన్యాలవుతాయి. ఖాళీ పుట్టినప్పుడు అణువు లోహం లోపల్నే ఇంకో చోట చేరింది కదా, అందుకే మొత్తం ఘనపరిమాణం పెరుగుతాది. ఇది 1967లో బ్రిటన్‌లో డౌన్‌రే రియాక్టర్ స్టీలులో మొదట కనబడింది. కల్పాక్కంలో 1985 నుంచి నడుస్తాండే ఎఫ్‌బీటీఆర్ (ఫాస్ట్ బ్రీడర్ టెస్ట్ రియాక్టర్) లాంటి ఫాస్ట్ రియాక్టర్లకి ఇదే పెద్ద సమస్య, టైటానియం కలిపిన డీ9 స్టీలు మీద అంత పని జరిగిందీ ఇందుకే.

పికోసెకన్లలో మొదలైంది ఏళ్ళ తర్వాత ఉబ్బుగా కనబడతాది. మధ్యలో మాంటే కార్లో, దాని పైన రేట్ థియరీ (డిఫెక్ట్స్ సగటు సంఖ్య ఎట్ల మారుతాదనే లెక్క). డిస్‌లొకేషన్ చూపే ఆ కొంచెం పక్షపాతం ఎంతనే నంబరు ఏమాత్రం అటూ ఇటూ అయినా ఏళ్ళ లెక్కలో ఉబ్బు శానా మారుతాది, మేము ఎక్కువ పోట్లాడుకునేది దాని మీదే.

హంద్రీ_గట్టు | కర్నూలు

అందరి పోస్టులూ నోట్స్ రాసుకున్న్యా. అప్‌డేట్ ఏందంటే, 500 అణువులకీ 32,000 అణువులకీ కూడా వేకెన్సీ ఎనర్జీ చూసినా, మూడో దశాంశం దాకా ఒకటే. తర్వాత ఎన్‌ఈబీతో (దూకే దారిలో గడప ఎత్తు వెతికే పద్ధతి) పక్క స్థానానికి దూకే దారి తీసినా, గడప 0.69 వచ్చింది. ఇది కూడా ఫిట్‌లో పెట్టిన నంబరేనా అక్కా, లేక ఇప్పుడు దేంతోనన్నా పోల్చుకోవచ్చా? ఇంకోటి, 10 లక్షల అణువుల రన్ పెట్టాలనుంది, మా రూమ్‌లో కరెంటు పోతాంటాది.

లాటిస్_లక్ష్మి | అనంతపురం

10 లక్షల అణువులు ఈఏఎమ్‌తో లక్ష స్టెప్పులు, మంచి ల్యాప్‌టాప్‌లో అన్ని కోర్లూ పెడితే కొన్ని గంటల పని, 8 జీబీకి పడతాది. ప్రతి 5000 స్టెప్పులకి రీస్టార్ట్ ఫైలు రాయించు, రెండు పేర్లతో మార్చి మార్చి రాయించు, రాసే మధ్యలో కరెంటు పోతే ఒకటి చెడినా ఇంకోటి ఉంటాది.

0.69 మీద, ఆ పొటెన్షియల్ పేపర్లో ఫిట్‌కి ఏమేం వాడినారో పట్టిక ఉంటాది, అది నువ్వే తీసి చూడు. ప్రయోగంతో పోల్చేదానికి మంచి దారి ఒకటుంది. వేకెన్సీ పుట్టడానికి 1.27, కదలడానికి 0.69, రెండూ కలిపితే 1.96. రాగిలో రాగి అణువు తిరుగాడే సెల్ఫ్ డిఫ్యూజన్‌కి యాక్టివేషన్ ఎనర్జీ ఇదే కావల్ల. రేడియోయాక్టివ్ రాగిని పైపూతగా వేసి, వేడి చేసి, పొరలు పొరలుగా కోసి లోపలికి ఎంత పోయిందో కొలిచిన ప్రయోగాల్లో అది 2.0 నుంచి 2.2 మధ్య వస్తాది. నీది కొంచెం కింద ఉండాది. ఆ తేడాలో ఎంత పొటెన్షియల్‌ది, ఎంత ఎక్కువ టెంపరేచర్‌లో జంట వేకెన్సీలది అని వెతకడం మొదలుపెట్టు. 1000, 1100, 1200 కెల్విన్‌లో మూడు మాంటే కార్లో రన్లు పెట్టి లాగ్ డి వర్సెస్ ఒకటి బై టి గ్రాఫ్ (డి అంటే డిఫ్యూజన్ గుణకం, టి అంటే టెంపరేచర్) గీసి ఇక్కడ పెట్టు, స్లోప్ చూద్దాం.

గుంతకల్లు_ట్రాక్ | గుంతకల్లు

తమ్ముడూ రాగి అయినాక ఇనుముకి కూడా ఇదే లెక్క వేసి పెట్టు, మాకు కావాల్సింది అది.